మొదటి పేజీలో నా చేతిరాత

గడిచిన దసరా సెలవుల్లో నల్లగొండ గడియారం సెంటరు దగ్గర చాయ్ తాగుతుండగా, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుడు పలకరించి, నా కథల సంపుటి మొత్తం చదివాననీ, ఫ్లోరైడు నీళ్ళ మీద రాసిన కథ అచ్చం తమ ఊరి కథలాగే ఉందనీ చెప్పాడు. రాసినవాడికి ఇంతకంటే కావలసిందేముంటుంది? పుస్తకం ఎక్కడ దొరికిందని అడిగాను. ఎంతో సంతోషంగా జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అది పీడీఎఫ్. మొదటి పేజీలో నీలి సిరాతో "ఆత్మీయ మిత్రునికి, ప్రేమతో" అని రాసి ఉంది. కింద నా సంతకం, తేదీ. నేను స్వయంగా బహూకరించిన ప్రతినే ఎవరో ఫోను కెమెరాతో ఒక్కొక్క పేజీ తిప్పుతూ స్కాన్ చేశారు. 73వ పేజీ అంచున, పుస్తకాన్ని అదిమి పట్టుకున్న బొటనవేలు గోరుతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ పిల్లవాడిని ఏమీ అనలేదు. అనడానికి నాకు నోరు రాలేదు కూడా. నేను డిగ్రీ చదివే రోజుల్లో, అచ్చులో లేని పుస్తకాలను ప్రకాశం బజారులో పేజీకి యాభై పైసల చొప్పున జిరాక్స్ తీయించుకుని, సూదీ దారంతో కుట్టుకుని చదివినవాణ్ణే. అయితే ఆ రాత్రి ఇంటికి వచ్చి, నా హక్కు నిజంగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో 1957 నాటి కాపీరైటు చట్టాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి చట్టం చదవడం అంత సులువు కాదు. ఒక్క వాక్యానికి నాలుగు మినహాయింపులు, ఆ మినహాయింపులకు మళ్ళీ షరతులు. అయినా కొన్ని నెలలపాటు చదివి, తెలిసిన న్యాయవాదులను అడిగి, నా అనుభవంతో సరిచూసుకున్న తరువాత అర్థమైన సంగతులను ఇక్కడ రాస్తున్నాను. మన దగ్గర రచయితలు హక్కులు లేక నష్టపోవడం లేదు, రాసుకున్న ఒప్పంద కాగితం లేక నష్టపోతున్నారు అన్నదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట.

ముందుగా ఆ పుస్తకం లెక్క చెప్పాలి. 2018లో వేసిన సంపుటి అది. 160 పేజీలు, అంటే ఫారానికి 16 పేజీల లెక్కన 10 ఫారాలు, 500 ప్రతులు. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు కలిపి 46 వేల రూపాయలు నా జీతంలోంచే పెట్టుకున్నాను. వెల 120 రూపాయలు. దుకాణానికి ఇస్తే అందులో నలభై శాతం కమీషను. అమ్ముడైనవి రమారమి రెండు వందలు, సభల్లోనూ ఇళ్ళల్లోనూ పంచినవి మరో రెండు వందలు. మిగిలినవి మా ఇంటి అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. పెద్ద భాషల్లో రచయిత ఒకరు, ప్రచురణకర్త ఇంకొకరు. పైరసీ జరిగితే కోర్టుకు వెళ్ళేది ప్రచురణకర్త. మన జిల్లాల్లో రాసేదీ మనమే, ప్రెస్సు చుట్టూ తిరిగేదీ మనమే, పార్సిళ్ళు కట్టేదీ మనమే. కాబట్టి హక్కు పోయిందని ఫిర్యాదు చేయవలసినవాడూ రచయితే.

రచన కాగితం మీదికో తెర మీదికో వచ్చిన క్షణం నుంచే హక్కు రచయితది. దీనికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కావాలనుకుంటే ఢిల్లీలోని కాపీరైటు రిజిస్ట్రారు కార్యాలయానికి ఆన్‌లైనులో దరఖాస్తు చేసుకోవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు. ఆ నమోదు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికి వస్తుంది, అంతే. మన దగ్గర, ముఖ్యంగా సినిమా కథలు రాసేవారిలో, రాతప్రతిని కవరులో పెట్టి సీలు వేసి తన పేరుకు తానే తపాలాలో పంపుకుని విప్పకుండా దాచుకునే అలవాటు ఉంది. తపాలా ముద్ర మీది తేదీ ఒక ఆధారం అయితే కావచ్చునేమో గానీ, చట్టంలో అటువంటి పద్ధతి ఎక్కడా లేదు.

ఇక బహుమతిగా ఇచ్చిన ప్రతి సంగతి. ఆ కాగితపు పుస్తకం మీద నాకు ఏ హక్కూ లేదు. తీసుకున్న మిత్రుడు దాన్ని చదవవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, పాత పుస్తకాల వాడికి అమ్ముకోవచ్చు. తన సొంత చదువు కోసం, పరిశోధన కోసం కొన్ని పేజీలు నకలు తీసుకోవడాన్ని కూడా చట్టం తప్పు పట్టదు. విమర్శ కోసం, సమీక్ష కోసం ఉటంకించవచ్చు. ఉపాధ్యాయుడు పాఠం చెప్పే క్రమంలో నకళ్ళు ఇవ్వవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్స్ దుకాణం మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చదివింది. మా విద్యార్థులు నా కథనే జిరాక్స్ తీసుకుని తరగతికి వస్తే నేను కాదనలేను, కాదనను కూడా. కానీ పుస్తకమంతా స్కాన్ చేసి వేల మంది ఉన్న గ్రూపులో పెట్టడం వీటిలో దేని కిందికీ రాదు. అది కొత్త ప్రతిని తయారు చేయడం, దాన్ని ప్రజలకు అందుబాటులో పెట్టడం. ఆ రెండూ హక్కుదారుడికి మాత్రమే ఉన్న అధికారాలు. అమ్ముకోలేదు కదా, ఉచితంగానే పంచాం కదా అన్న జవాబు అందరూ చెప్పేదే గానీ, డబ్బు తీసుకోనంత మాత్రాన ఉల్లంఘన కాకుండా పోదు.

నా పుస్తకం పీడీఎఫ్ పెట్టిన ఫోను యాప్ గ్రూపును నడిపే వ్యక్తికి మర్యాదగా సందేశం పంపాను. "సాహిత్య సేవ చేస్తున్నాం సార్" అని జవాబు వచ్చింది. తరువాత ఆ యాప్ వారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు ఇటువంటి సందర్భం కోసమే ఒక ఏర్పాటు చేశారు: హక్కుదారుడి నుంచి రాతపూర్వక ఫిర్యాదు అందితే ఆ ప్రతిని నిల్వ చేసిన ఆన్‌లైను వేదిక, 2013 నాటి నియమాల ప్రకారం 36 గంటల్లోగా, దాన్ని జనానికి అందకుండా నిలిపివేయాలి, ఆ నిలుపుదల 21 రోజుల వరకు ఉంటుంది, ఆలోగా కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే వేదిక దాన్ని మళ్ళీ తెరవవచ్చు. చదువుతున్నప్పుడు ముందు సగం ఎంత ధైర్యాన్నిచ్చిందో, వెనుక సగం అంత నిరుత్సాహపరిచింది. మూడు వారాల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చుకోగల తెలుగు కథా రచయితను నేను ఇంతవరకు చూడలేదు.

నా ఫైలు నాలుగో రోజున కనిపించకుండా పోయింది. పదో రోజున మరో గ్రూపులో అదే బొటనవేలుతో మళ్ళీ ప్రత్యక్షమైంది.

కోర్టుకు వెళ్ళే అవకాశం లేదని కాదు. సాధారణంగా ప్రతివాది ఎక్కడ ఉంటే అక్కడ దావా వేయాలి. కాపీరైటు చట్టం మాత్రం హక్కుదారుడు నివసించే చోట, వ్యాపారం చేసుకునే చోట ఉన్న జిల్లా న్యాయస్థానంలోనే వేసుకోనిస్తుంది. అంటే గ్రూపు నడిపేవాడు ఏ ఊళ్ళో ఉన్నా నేను నల్లగొండలోనే దావా వేయవచ్చు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా కూడా ఉన్నాయి. న్యాయవాది మిత్రుడు ఒకరు ఫీజు తీసుకోకుండానే నోటీసు రాసిస్తానన్నారు. నేనే వద్దన్నాను. పుస్తకం చదివి ముచ్చటపడ్డ పిల్లలున్న గ్రూపు మీద పోలీసు కేసు పెట్టి, ఆ తరువాత అదే ఊళ్ళో సాహిత్య సభలో మాట్లాడడానికి నాకు ముఖం చెల్లదు. ఇది చట్టం లోపం కాదు; నా బలహీనత అనుకున్నా పర్వాలేదు.

రెండో సంగతిలో మాత్రం అంత ఉదారంగా ఉండలేకపోయాను. 2014లో హైదరాబాదులోని ఒక చిన్న ప్రచురణ సంస్థ తెలంగాణ కథల సంకలనం వేస్తూ నా కథ అడిగితే, తెల్లకాగితం మీద "నా కథను ప్రచురించుకోవడానికి అనుమతి ఇస్తున్నాను" అని రాసి, సంతకం చేసి పంపాను. పారితోషికంగా రెండు ప్రతులు వచ్చాయి. 2022లో ఆ కథ ఒక ఆడియో ఛానలులో వినబడుతోందని మా మేనకోడలు లింకు పంపింది. ప్రచురణ సంస్థవారే ఇచ్చారట. చదివిన ఆమె గొంతు ఎంతో బాగుంది. కానీ నా కథలో, వంకర్లు తిరిగిన కాళ్ళు చాపుకుని గడప మీద కూర్చున్న ముసలామె "గవి నీళ్ళు గావు బిడ్డా, ఇసం" అంటుంది. ఆడియోలో ఆమె "అవి నీళ్ళు కావమ్మా, విషం" అంది. సంభాషణలన్నింటినీ అలాగే సాఫు చేశారు. మా జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడు ఊళ్ళల్లో నడుములు వంగిపోయిన మనుషుల పక్కన కూర్చుని విన్న మాటను నేను కాగితం మీద పెడితే, శ్రోతకు అర్థం కాదన్న నెపంతో దాన్ని బడి పుస్తకపు మాటగా మార్చారు. కథ పేరు చెప్పారు, సంకలనం పేరు చెప్పారు, నా పేరు ఎక్కడా చెప్పలేదు.

అడిగితే "మీరు అనుమతి ఇచ్చారు కదండీ" అన్నారు. నిజమే, ఇచ్చాను. ఇప్పుడు ఈ చట్టం తిరగేస్తుంటే, నా అజ్ఞానమే నన్ను కాపాడిన సంగతి బయటపడింది. హక్కుల బదలాయింపు గానీ, అనుమతి గానీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే దాన్ని ఐదేళ్ళుగా పరిగణించాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. నా కాగితంలో గడువు లేదు, కాబట్టి 2019తోనే ఆ అనుమతి తీరిపోయింది. పెద్దతరం రచయితలకు పనికివచ్చే మరో మాట కూడా 2012 సవరణలో చేరింది: ఒప్పందం రాసుకున్న నాటికి లేని, వాణిజ్య వాడుకలోకి రాని మాధ్యమాన్ని అందులో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప ఆ ఒప్పందం దానికి వర్తించదు. వారపత్రికలకు కథలు పంపేవారు కూడా గమనించాలి. ఉద్యోగిగా రాసినప్పుడు లెక్క వేరు గానీ, బయటి నుంచి పంపిన కథను అచ్చు వేసినంత మాత్రాన, మీరు రాసి ఇవ్వనిదే, హక్కు పత్రికకు పోదు.

అన్నింటికంటే నాకు ఊరట కలిగించింది 57వ సెక్షను. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఈ రచన నాదేనని చెప్పుకునే హక్కు, నా పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయని అది చెబుతుంది. ఢిల్లీలోని ప్రభుత్వ సభాభవనం విజ్ఞాన్ భవన్ గోడ మీది కుడ్యశిల్పాన్ని ప్రభుత్వమే తొలగించి పాడుచేసినప్పుడు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఏళ్ళ తరబడి పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచింది ఈ సెక్షను మీదనే. యాసను సాఫు చేయడం రచయిత పరువుకు భంగమా అని ఎవరైనా అడగవచ్చు. నల్లగొండ కథకు సంబంధించినంత వరకు భంగమేనని నా అభిప్రాయం. కోర్టు ఏమనేదో తేలే అవసరం రాలేదు. నేను రాసిన రెండు పేజీల ఉత్తరానికి ఛానలువారు ఆడియోను తీసేశారు. సరిచేసి మళ్ళీ చదవమంటే మాత్రం ఆ యాస పలకడం తమవల్ల కాదన్నారు.

పాటల విషయంలో పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంది. దేవరకొండ వైపు ఒక ఊళ్ళో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు గుక్క తిప్పుకోకుండా పాడే అవ్వ ఒకామె ఉంది. నాలుగేళ్ళ కిందట ఒక వీడియో ఛానలువారు వచ్చి, ఆమె చేత రోజంతా పాడించుకుని, ఒక చీర, ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళారు. నిరుడు ఆమె మనవడు, అవ్వ అదే పాటను ఇంటి వాకిట్లో పాడుతుంటే ఫోనులో తీసి తన ఖాతాలో పెట్టుకున్నాడు. రెండు రోజులకు కాపీరైటు అభ్యంతరం వచ్చింది. వీడియో మీద వచ్చే ఆదాయమేదైనా ఆ ఛానలుకే పోతుందని దాని సారాంశం. ఆ సంగతి చెప్పినప్పుడు అవ్వ నన్ను అడిగిన మాట ఇది: "నా పాట నేను పాడుకుంటె గూడ తప్పేనా బిడ్డా?"

తప్పు కాదు. తరతరాలుగా జనం నోట నడిచిన పాటకు కాపీరైటు ఎవరికీ ఉండదు. ఛానలువారికి ఉన్నది వారు చేసిన రికార్డింగు మీద హక్కు మాత్రమే. పాడినామెకు కళాకారిణిగా తన గానం మీద 50 ఏళ్ళ పాటు ప్రత్యేకమైన హక్కు ఉంది. వాణిజ్య వినియోగంలో రాయల్టీకి, పాడింది ఫలానా వ్యక్తి అని పేరు చెప్పించుకోవడానికి 2012 సవరణ ఆమెకు దారి చూపింది. కానీ ఆ వీడియో వేదికలో ఈ తగవు తీర్చేది న్యాయమూర్తి కాదు, గొంతును గొంతుతో పోల్చి చూసే యంత్రం. రెండింట్లోనూ ఒకే గొంతు, ఒకే పాట. ముందు ఎక్కించినవాడిది అని అది తేల్చేసింది. మనవడి చేత అభ్యంతరానికి జవాబు నేనే రాయించాను. నెల తరువాత అవతలివారు వెనక్కి తగ్గారు. చీరకు, ఐదు వందలకు ఆమె ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకపోవడం ఈసారికి మంచిదైంది.

ఇంత రాసిన తరువాత నేను పీడీఎఫ్‌లకు శత్రువునని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రచయిత బతికినంత కాలం, మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మొదట ఇది 50 ఏళ్ళే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ టాగూరు రచనల గడువు 1991తో ముగియబోతుండగా ఆ డిసెంబరు చివర్లో ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం సవరించి పదేళ్ళు పెంచారు. ఒక్క మహాకవి కోసం చేసిన పెంపు దేశంలోని రచయితలందరికీ వర్తించింది. మా పక్క పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. పాత లెక్కన 2003తో ముగియవలసిన గడువు 2013 చివరి దాకా సాగింది. 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, స్కాన్ చేసి పెట్టవచ్చు, చదివి వినిపించవచ్చు. వాటిని డిజిటలు చేసి ఉంచినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. ఒక్కొక్కరు మరణించిన సంవత్సరాన్ని బట్టి ఒక్కొక్కరి గడువు వేరు. వారిలో ఎంతమంది వారసులు ఎక్కడున్నారో కనుక్కోవడం ఎవరి తరం? హక్కుదారుడి జాడ తెలియని రచనలను ప్రచురించడానికి అనుమతి పొందే దారి 31ఏ సెక్షనులో ఉంది గానీ, దరఖాస్తుకు ముందు దేశంలో అధిక భాగంలో చదివే ఇంగ్లిషు దినపత్రికలో ప్రకటన వేయించాలి. పాలమూరు కవి పద్యాల కోసం ఆ ప్రకటనకయ్యే ఖర్చుతో ఆ పద్యాలను పదిసార్లు అచ్చు వేయవచ్చు. కాబట్టి జాడ తెలియని పాత పుస్తకాన్ని ఎవరైనా స్కాన్ చేసి కాపాడితే, చట్టం ఏమన్నా నా మనసు వారి వైపే ఉంటుంది. వెల కట్టి దుకాణంలో అమ్ముతున్న, రాసినవాడు ఫోను ఎత్తితే పలికే పుస్తకం సంగతి వేరు.

కృత్రిమ మేధ గురించి ఈమధ్య ప్రతి సభలోనూ అడుగుతున్నారు. మన రచనలను అడగకుండా యంత్రానికి నేర్పించడం ఉల్లంఘన అవుతుందా కాదా అన్న ప్రశ్న మీద ఏఎన్‌ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. నా ఆసక్తి మాత్రం కొంచెం వేరు. నల్లగొండ యాసలో కథ రాయమని ఒక విద్యార్థి యంత్రాన్ని అడిగి నాకు చూపించాడు. ప్రతి వాక్యంలోనూ "గట్ల", "గిట్ల" తప్ప ఇంకేమీ లేవు. అది నేర్చుకున్నది నా పుస్తకం చదివి కాదని మాత్రం ఒట్టు వేసి చెప్పగలను.

మొన్న ఒక సభలో, ఆ సంతకం ఉన్న ప్రతిని అందుకున్న మిత్రుడే ఎదురుపడ్డాడు. నేను నోరు విప్పేలోపే, "అన్నా, నీ పుస్తకం ఎవరో చదివిస్తనని తీస్కపోయి మల్ల ఇయ్యలే, ఇంకొకటుంటె ఇయ్యరాదె" అన్నాడు. ఎవరు తీసుకుపోయారో అతనికి గుర్తు లేదు. అటక మీంచి మరో ప్రతి దించి ఇచ్చాను. ఈసారి సంతకం చేయలేదు.

కొత్త సంపుటికి ఒప్పందం రాసుకున్నాము. అచ్చుకు మూడేళ్ళు, ఈబుక్కుకు, ఆడియోకు, అనువాదానికి విడివిడిగా అడగాలి, సంభాషణల్లో అక్షరం మార్చకూడదు. నకలు మా ఇంట్లో ఇనుప బీరువాలో ఉంది. పుస్తకం రెండో పేజీలో "సర్వహక్కులు రచయితవి" అన్న ఒక్క ముక్కకు బదులు, ఏది చేయవచ్చో ఏది చేయకూడదో నాలుగు పంక్తుల్లో రాసి ఇచ్చాను. డీటీపీ చేసే పిల్లవాడు దాన్ని పేజీ అడుగున చీమల బారులాగా పెట్టి, "అక్షరాల సైజు ఎనిమిది పాయింట్లు పెట్టిన సార్, ఎట్లాగూ ఎవలు చదువరు గద" అన్నాడు. పన్నెండు పెట్టించాను.